అంచు లేని స్ఫటికం

ఫ్రిజ్‌లో పేరుకున్న మంచును కరిగించడం ఆ ఇంట్లో ఆమె పని. ఎవరు అప్పగించారంటే ఎవరూ చెప్పలేరు. పెళ్లయిన కొత్తలో ఒకసారి చేసింది, అంతే, ఆ పని ఆమె పేరున స్థిరపడిపోయింది. ఆ పొద్దున కూడా ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, పై అరలో గిన్నెడు వేడినీళ్లు పెట్టి, కింద పాత తువ్వాళ్లు పరిచి, ముక్కాలిపీట మీద కూర్చుని ఊడిపడే మంచు పెళ్లల్ని ఏరి బేసిన్‌లో వేస్తోంది. రాత్రికి భోజనానికి అతిథులు వస్తున్నారు, పై అరలో చోటు కావాలి. అతిథులంటే ఒక కంపెనీవాళ్లు. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆమె భర్త చేయబోయే ప్రసంగం విని, అట్నుంచి అటే ఇంటికి వస్తారు.

అత్తగారు వంటింటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని చూస్తోంది. "మొగుడూ పెళ్లాల ఉద్యోగం కరగడం గురించేనాయె. ఈ కాస్త మంచుకి ఇంతసేపా? మీ కంప్యూటర్ని అడగరాదూ" అని తన జోకుకి తనే నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆవిడ మాటలో విషమేమీ లేదు, కాలక్షేపం అంతే. నవ్వాక ఆవిడ కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి అంది. "నిజం చెప్పొద్దూ, ఈమధ్య నువ్వు బంగారంలా ఉంటున్నావమ్మా. మాటకి మాట అనడం లేదు, మొహం ముడుచుకోవడం లేదు. వాడూ అదే అన్నాడు, ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉందమ్మా అని."

మంచు పెళ్ల ఒకటి చేతిలోంచి జారి నేలమీద పడి ముక్కలైంది. ముక్కల్ని ఏరే మిషతో ఆమె తల దించుకుంది. మంచులో పెట్టిన చేతులు చచ్చుబడి ఉన్నాయి గాని, చెవులు మాత్రం కాలిపోతున్నాయి. తను బంగారంలా ఎందుకు ఉంటోందో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే గురువు. పాప పుట్టినప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఎవరూ చర్చించలేదు. పాప బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఆమె తిరిగి ల్యాబ్‌లో చేరింది, సగంపూట ఉద్యోగం, సహాయకురాలన్న హోదా. ఈలోగా అతను విభాగానికి పెద్ద అయ్యాడు. ఆమె లెక్కలు చేస్తుంది, అతను వాటిని వ్యాసంగా రాస్తాడు. వ్యాసం చివర, చిన్న అక్షరాల్లో, గణనల్లో సహకరించినందుకు ఆమెకు కృతజ్ఞతలు ఉంటాయి. మొదటిసారి ఆ వాక్యం అచ్చులో చూసినప్పుడు మురిసిపోయి అత్తగారికి చూపించింది కూడా. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివి, "చూశావా, మావాడు నిన్ను మర్చిపోడు" అంది. పోయినేడు పాప బడికి సంబంధించి ఏదో రాసుకుంటూ, "అమ్మా, నువ్వు నాన్న ఆఫీసులో టైపు చేస్తావు కదా?" అని అడిగింది. కాదని చెప్పబోయింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి. పొయ్యి కట్టి, గట్టు తుడిచి వచ్చేసరికి పాప రాసేసి పుస్తకం మూసేసింది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తాలంటే ఆమెకే ఎందుకో మొహమాటం వేసింది.

ప్రస్తుతం ల్యాబ్ చేతిలో ఉన్నది ఒక కొత్త ఉప్పు. రెండు ఉప్పుల్ని కలిపి కట్టిన స్ఫటికం. పగటి వేడిని తనలో దాచుకుని రాత్రి తిరిగి ఇస్తుందట. కంపెనీవాళ్లు దాన్ని రేకు డబ్బాల్లో పోసి, అతుకులు వేసి, గదుల నిండా పేర్చాలనుకుంటున్నారు. అది ఏ వేడి దగ్గర కరుగుతుందన్న ఒక్క అంకె మీద ఆ అతుకులన్నీ ఆధారపడి ఉన్నాయి. అనుకున్నదానికంటే ముందే కరిగితే సందుల్లోంచి కారుతుంది, పక్కన పనిచేస్తున్న మనిషి మీద పడుతుంది. అసలు పదార్థం సరిపడా చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి అందాకా కంప్యూటర్ లెక్కే దిక్కు.

"వేడి పెంచుకుంటూ పో. స్ఫటికం ఎక్కడ కూలితే అక్కడ అంకె రాసుకో. చాలు" అన్నాడు భర్త.

అలా చేస్తే అంకె ఎక్కువ వస్తుందని ఆమె అప్పుడే చెప్పింది. నిజం స్ఫటికానికి అంచులుంటాయి. కరగడం ఎప్పుడూ అంచు దగ్గరే మొదలవుతుంది, అక్కడి పరమాణువులకు ఒక పక్క పట్టుకునేవాళ్లు ఉండరు కనుక. కంప్యూటర్‌లో కట్టే స్ఫటికం చాలా చిన్నది, అందుకని దానికి అంచే లేకుండా చేస్తారు. దాన్ని ఉంచిన పెట్టె కుడి గోడ దాటి వెళ్లిపోయిన పరమాణువు ఎడమ గోడలోంచి మళ్లీ లోపలికే వస్తుంది. ఎటు వెళ్లినా ఇంట్లోకే. అలాంటి స్ఫటికం కరగాల్సిన వేడి దాటిపోయినా కరగదు. ఊగుతుంది, వణుకుతుంది, వరస మాత్రం తప్పదు. చూసేవాళ్లు అబ్బ ఎంత గట్టిదో అనుకుంటారు. ఎక్కడో ఒకచోట, ఒక్కసారిగా, మొత్తం కూలిపోతుంది. అది కూలిన చోటు దాని కరిగే వేడి కాదు, దాని ఓపిక అయిపోయిన చోటు.

సరైన పద్ధతి వేరే ఉంది. సగం గట్టిది, సగం కరిగినది ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టి, ఒకే వేడిలో వదిలేయాలి. వేడి ఎక్కువైతే ద్రవం స్ఫటికాన్ని తింటూ పోతుంది, తక్కువైతే స్ఫటికం ద్రవాన్ని తింటుంది. ఏ వేడి దగ్గర ఎవరూ ఎవర్నీ తినకుండా ఉండగలరో, అదీ అసలు అంకె. దానికి ల్యాబ్ కంప్యూటర్ రోజుల తరబడి కావాలి, చేసేవాళ్లకు నిదానం కావాలి.

"నీకు అతి జాగ్రత్త ఎక్కువ. గ్యాస్ కట్టానా లేదా అని నాలుగుసార్లు వెనక్కొచ్చి చూసే రకం. ఆ అలవాటు లెక్కల్లోకి తేకు" అన్నాడతను. సరేనని అతను చెప్పినట్టే చేసి ఇచ్చింది. వచ్చిన అంకె అతను ముందే ఊహించుకున్న అంకెకి దగ్గరగా ఉంది. అతను ఎగిరి గంతేశాడు. ఆమెకు మాత్రం మనసొప్పలేదు. మెషిన్ ఖాళీగా ఉండే సెలవు రోజుల్లో రెండో పద్ధతి మొదలుపెట్టింది. ఒక చేత్తో పిండి కలుపుతూ, ఇంకో చేతి చిటికెనవేలితో ఫోన్ తెర జరిపి, గట్టిదానికీ ద్రవానికీ మధ్య సరిహద్దు ఎటు కదిలిందో చూసుకునేది. అత్తగారు అది చూసి, ఎప్పుడూ ఆ ఫోనేనా అనేది.

ఆ రెండో లెక్క తేలిన రోజు ఒక శుక్రవారం. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు. ఇంత త్వరగా ఫలితం ఎలా తెచ్చారు సార్ అని ఎవరో అడిగితే, భర్త ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మా ఆవిడ చేతికిస్తే లెక్కంటే టీ పెట్టినంత తేలిక. కాకపోతే పక్కన నిలబడి చక్కెర ఎంతో చెబుతూ ఉండాలి" అన్నాడు. బల్లంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది ఆమె. ఆ నవ్వు తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మశక్యం కాలేదు. నవ్వనిది ఒక్కరే, కొలిమక్క. ల్యాబ్ అడుగు అంతస్తులో కొలిమి దగ్గర నిజం పదార్థాల్ని నిజం మంటలో పెట్టి కొలిచే శాస్త్రవేత్త ఆవిడ, అందరికీ ఆ పేరుతోనే అలవాటు. ఆవిడ తన పళ్లెం తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. అసలు అంకె, భర్త అందరికీ చెప్పుకుంటున్నదానికంటే ఎనభై డిగ్రీలు తక్కువ. అతని గది అదే నడవలో ఉంది. లేచి వెళ్లి చెప్పడానికి కుర్చీ వెనక్కి జరిపింది కూడా. అప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది, ఆ చక్కెర గుర్తొచ్చింది. చెప్పనీ, అనుకుంది. అందరి ముందూ నిలబడి ఆ తప్పు అంకె చెప్పనీ. కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకుంది.

రేపు చెబుదాం అనుకుంటూనే వారాలు గడిచాయి. ఆలస్యమైనకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఇంకొంచెం లావెక్కింది. బట్టలు ఆరేస్తున్నప్పుడో, పాపకు జడ వేస్తున్నప్పుడో, నిండు సభలో భర్త నోట మాట రాక నిలబడ్డ దృశ్యం కళ్లముందు మెదిలేది. అది మెదిలినప్పుడు నాలుక మీద తీపి తగిలినట్టుండేది. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టేది. ఆ రెండూ కలిసి ఆమెను మంచిదాన్ని చేశాయి. అతను అడగకముందే నీళ్లు అందించింది, అత్తగారి కాళ్లకు మందు రాసింది, ఎవరేమన్నా ఊ కొట్టింది. వెన్నుపోటు పొడవబోయేవాళ్లు భుజం తట్టినట్టు. ఇల్లంతా దాన్ని బంగారం అనుకుంది.

ఆ పొద్దున మంచు పని సగంలో వదిలి చొక్కా ఇస్త్రీకి లేచింది. తడిచేతులు తుడుచుకుని కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే భర్త బనీనుతోనే వచ్చి గోడకు ఆనుకున్నాడు. ప్రసంగాల ముందు అతనికి భయం, ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అరచేతులు ప్యాంటుకి రుద్దుకుంటూ, "మొత్తం సరిగ్గానే ఉంది కదూ? నువ్వు చివర్లో ఏదో ఒకటి పట్టుకుంటావు. ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. ఏళ్ల తర్వాత, తన మాట వినడానికి నిలబడి అడిగాడు.

ఆమె చొక్కా తిరగేసి చెయ్యి మడతను సరిచేసింది. "ఏం లేదండీ. చొక్కా వేడిగా ఉంది, కాసేపాగి తొడుక్కోండి" అంది.

ల్యాబ్‌లో, సెమినార్ హాలుకి వెళ్లే మెట్ల మీద కొలిమక్క ఆమెను ఆపింది. ఆ కొత్త ఉప్పు చిటికెడు చేతికొచ్చిందట. నిన్న కొలిమిలో పెడితే, చెప్పిన వేడికి చాలా ముందే వెన్నముద్దలా జారిపోయిందట. "ఒక్కసారే చేశాను అమ్మాయ్, తప్పు నాదే కావచ్చు. అందుకే సభలో అడుగుతా. అడిగితే ఆయన నీ మీదకి తోస్తాడు చూడు, అందుకని నీకు ముందే చెబుతున్నా" అంది. ఆమె "అడగండి అక్కా" అంది. ఆవిడ వెళ్లబోతూ ఆగింది. "నా జేబురుమాలు ఇలా అయింది చూడు" అని, కాలి నల్లబడ్డ గుడ్డ అంచు చూపించింది. "పళ్లెంలోంచి ఒక్క చుక్క జారింది. చెయ్యి కాదు, నయమే."

ఆమె ఆ గుడ్డ వంక చూస్తూ ఉండిపోయింది. ఇన్ని వారాల్లో భర్త ముఖం ఎర్రబడడాన్ని ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. రేకు డబ్బాల పక్కన నిలబడే మనిషిని మాత్రం ఒక్కసారి కూడా ఊహించుకోలేదు. నవ్వినందుకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, దాచినందుకు పడ్డది ఒక ఎత్తు. ఈ సిగ్గు ఆ రెంటికీ అడుగున ఉన్న నేల.

హాల్లో ఎప్పటిలాగే చివరి వరసలో కూర్చుంది. అతను బాగా మాట్లాడాడు. అంకె చెప్పేచోట గొంతులో గర్వం తొణికింది. జాలేసింది ఆమెకు, జాలేసినందుకు మళ్లీ సిగ్గేసింది. ప్రశ్నలు అనగానే కొలిమక్క లేచి, తను చూసింది నాలుగు ముక్కల్లో చెప్పింది. కంపెనీవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భర్త చేతిలోని రిమోట్ ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. ఆమె ఎన్నోసార్లు చూసుకున్న దృశ్యమే అది, సరిగ్గా అదే మొహం. తీపి మాత్రం ఎక్కడా తగల్లేదు. అంతలో అతను తేరుకుని నవ్వాడు. "ఆ లెక్క చేసింది మా ఆవిడే. పొరపాటు ఎక్కడ జరిగిందో తనే చెప్పాలి" అన్నాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆ హాల్లో ఒక లెక్క ఆమెదని అందరికీ వినిపించేలా చెప్పడం అదే మొదలు.

ఇంట్లో అలవాటైనట్టు క్షమించండి అనొచ్చు. ఆయన చేయమన్నట్టే చేశానని కూడా అనొచ్చు, అది అబద్ధం కాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె లేచి, వరసల మధ్య నుంచి నడిచి బోర్డు దగ్గరికి వెళ్లింది. చేతిలో ఏదో ఒకటి ఉండాలని సుద్దముక్క తీసుకుంది.

"ఈ అంకె తప్పు" అంది. "వేడి పెంచుకుంటూ పొమ్మన్నది ఆయన. అలా వద్దన్నది నేను. వద్దంటూనే చేసి ఇచ్చిందీ నేనే. తర్వాత సరైన పద్ధతిలో మళ్లీ చేశాను. ఎనభై డిగ్రీలు తక్కువ వచ్చింది. కొన్ని వారాలుగా ఆ సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు."

కంపెనీ తరఫున వచ్చిన పెద్దాయన, కోపంగా కాదు, అర్థంకానట్టు అడిగాడు. "ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె భర్త వైపు చూడలేదు. సుద్దముక్క వైపు చూసింది.

"ఆయన ఇక్కడ నిలబడి తప్పు చెబుతుంటే చూడాలనిపించింది."

ఎవరూ నవ్వలేదు. ఆమె బోర్డు మీద ఒక పెట్టె గీసింది, మధ్యలో నిలువుగా ఒక గీత గీసింది. ఇటు గట్టిది, అటు కరిగినది, ఇదీ ఆ స్ఫటికానికి లేని అంచు, అని మొదలుపెట్టింది. చెప్పడం అయిపోయేసరికి ముందు వరసలోవాళ్లు రాసుకుంటున్నారు. రాత్రి భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు. సవరించిన లెక్క మొత్తం ఇవాళే పంపగలరా అని మాత్రం పెద్దాయన అడిగి వెళ్లాడు.

ఇంటికి కారులో బయల్దేరారు. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు భర్త ముందుకే చూస్తూ, "నా పరువు తీశావు, సరే. నీ పరువు కూడా నువ్వే తీసుకున్నావు. ఏం సాధించినట్టు?" అన్నాడు. జవాబు కోసం నిజంగానే వెతికింది. ఇన్ని వారాల రోత మాత్రం పోయిందని ఇంటి వీధి మలుపులో గమనించింది.

కబురు ఫోన్‌లో ముందే చేరింది. అత్తగారు పొద్దున కూర్చున్న చోటే కూర్చుని ఉంది. వంటింటి నేలంతా నీళ్లు, తువ్వాళ్లు నాని ఉబ్బి ఉన్నాయి, ఎవరూ తీయలేదు. "మొగుడూ పెళ్లాల మధ్య మాట నలుగురిలోనా పెట్టడం? బంగారంలా ఉన్నావనుకున్నానే" అంది ఆవిడ. కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"అప్పుడే లేనత్తయ్యా" అంది ఆమె. "బంగారంలా అప్పుడే అసలు లేను."

పాప గదిలోంచి వచ్చి తడినేల అంచున ఆగింది. ఎవరి మాటల్లో ఏం విందో ఏమో, "అమ్మా, నాన్న చెప్పే లెక్కలన్నీ నువ్వే చేస్తావా?" అని అడిగింది. అవునంది. "ఆ తప్పు లెక్క కూడానా?" ఈసారి పొయ్యి మీద పొంగేదేమీ లేదు. "అది కూడా" అంది ఆమె. పాప తలూపి, లోపలికి వెళ్లింది.

ఆమె వంగి తువ్వాలొకటి తీసి పిండసాగింది. భర్త గుమ్మంలోకి వచ్చి, అత్తగారి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఎదుటి మనిషికి పని చెప్పేటప్పటి గొంతు అప్పటికే తిరిగొచ్చేసింది. "అయిందేదో అయింది. ఆ రెండో లెక్క నాకు పంపు. నాలుగు మంచి మాటలు చేర్చి, రేపు నేనే వాళ్లకి పంపిస్తాను" అన్నాడు.

"పంపేశానండీ. ల్యాబ్‌లోంచి బయల్దేరేముందే."

"ఎవరి పేరున?"

"నా పేరున."

ఆమె రెండో తువ్వాలు అందుకుంటుంటే, "మరి నా పేరు?" అన్నాడతను. పొద్దున బనీనుతో గోడకు ఆనుకుని అడిగిన గొంతే అది.

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఆ రోజు మొత్తం మీద అలా చూడడం అదే మొదలు.

"మొదట మీ పేరు చివర్లో రాశాను, గణనల్లో సహకరించినందుకు కృతజ్ఞతలు అని. చదువుకుంటే నాకే సిగ్గేసింది. కొట్టేసి, పైకి తెచ్చి, నా పేరు పక్కన పెట్టాను. రెండోది మీదే" అని, తడిసిన ఆ రెండో తువ్వాలు అతనికి అందించింది.